గైడ్ వాయిస్

"ఎలక్షన్ పాటలు వచ్చి మీద పడతన్నాయి, కంప్యూటర్లో చూస్తే కందిగింజంత చోటు లేదు. నువ్వేమో ఆ జయరావు గారి పాటలు పట్టుకుని వేలాడతన్నావు. మధ్యాహ్నానికల్లా ఖాళీ చెయ్యరా సుభానీ!" అని మంగళవారం పొద్దున్నే అంకమ్మరావు గదిలోకి తల దూర్చి అరిచాడు.

అరవడం అంకమ్మరావుకి అలవాటు. చిలకలూరిపేట హైవే మీద, టైర్ల కొట్టు మేడపైన ఆ స్టూడియో పెట్టినప్పటినుంచీ లారీల హారన్లతో పోటీపడి మాట్లాడీ మాట్లాడీ ఆయనకు మామూలు గొంతు పోయింది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, వాటిమీద పాత బొంతలు కొట్టించినా, ఎదురు జిన్నింగ్ మిల్లు రొద సన్నగా లోపలికి వస్తూనే ఉంటుంది. దూది నలుసులు సరేసరి. రోజూ వచ్చీ రాగానే కీబోర్డు మీది దూది ఊదుకోవడం సుభానీకి మొదటి పని.

సుభానీ కుర్చీ దగ్గరికి లాక్కుని జయరావు గారి ఎనిమిది పాటలూ ఒక్కొక్కటే తెరిచాడు.

అతని పని చూడముచ్చటగా ఉంటుంది. గుంటూరు స్టూడియోల వాళ్ళు సైతం ఒకటికి రెండుసార్లు వచ్చి చూసిపోయారు. పాటకో ఫోల్డరు. దానిమీద నంబరు, పాట పేరు, తేదీ. లోపల తెరమీద ఒకదాని కింద ఒకటి వరసలు. పైన ఎర్రరంగులో తాళాలు, ఢోలకు, తబలా. వాటి కింద ఆకుపచ్చలో వేణువు, వయొలిన్లు. నీలంలో కోరస్. పసుపుపచ్చ వరస అసలు గాయనిది, దానిమీద ఆవిడ పేరు. అన్నిటికన్నా అడుగున బూడిదరంగు వరస ఒకటి ఉంటుంది. దానికి పేరుండదు. గైడ్ అని రాసి ఉంటుందంతే.

గైడ్ అంటే పెద్ద విశేషమేం కాదు. అసలు గాయని వచ్చేలోగా పాట వరస తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు పాడిపెడతారు. గాయని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని అది వింటూ, దాని వెనకే నడుస్తూ తను పాడుకుంటుంది. ఆవిడ పాడటం అయ్యాక గైడ్‌తో పని లేదు. తీసేస్తారు. ఏ ఊరి స్టూడియోలో అయినా అంతే.

సుభానీ బూడిదరంగు వరస తీసేశాడు. పాటలో వాడని గొంతులన్నీ డిస్కులోంచి తుడిచెయ్యమని కంప్యూటర్‌కి చెప్పాడు. మొదటి పాట అయింది. రెండోది, మూడోది. టీ వచ్చింది. ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని కుడిచేత్తో మిగతావి కానిచ్చాడు. చేతికి అలవాటైన పనికి బుర్రతో పనేముంది! పదకొండు కాకుండానే ఎనిమిదీ శుభ్రపడ్డాయి. మధ్యాహ్నం మైకు ముందు ఒక పార్టీవాళ్ళు, సాయంత్రం ఇంకో పార్టీవాళ్ళు నిలబడి గొంతులు చించుకున్నారు.

బుధవారం పదింటికి ఏసోబు వచ్చాడు. జిన్నింగ్ మిల్లులో హమాలీ. బోరాలు మోసీ మోసీ కుడిభుజం కిందికి జారిపోయిన మనిషి. తలనిండా దూది. గుమ్మం బయటే చెప్పులు విడిచి, తువ్వాలుతో తల దులుపుకుని మరీ లోపలికొచ్చాడు.

"మీ పిన్నికి ఆపరేషనై ఇరవయ్యారు రోజులైంది బాబూ" అన్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"మనిషి దక్కింది. మింగే దారిలో గడ్డతో పాటు గొంతుకాయంతా తీసేశారు. ఇదిగో, ఇక్కడ ఇంత బొక్క పెట్టారు. ఊపిరంతా ఆడనుంచే. మాట లేదు ఇంక. ముందే చెప్పారులే డాక్టర్లు." ఏసోబు తన మెడ గుంటలో బొటనవేలు ఆనించి చూపించాడు. "శుక్రవారం పంపిచ్చేస్తారంట. ఇంటికి పోకముందే ఇక్కడ దిగాలంట. నువ్వు సీడీ ఇస్తానన్నావంటగా. పలక మీద రాసి మరీ చెప్పింది. మర్చిపోతానేమోనని రెండుసార్లు రాసింది."

సుభానీ ఐదో పాట ఫోల్డరు వంక చూశాడు.

"శుక్రవారం రండి బాబాయ్" అన్నాడు.

ఏసోబు మెట్లు దిగేదాకా ఆగి ఐదో పాట తెరిచాడు. ఎర్రవరసలున్నాయి, పచ్చవున్నాయి, నీలం ఉంది, పసుపుపచ్చ ఉంది. అడుగున ఏమీ లేదు.

ఆ అడుగు వరసలో ఏసోబు భార్య వీరమ్మ ఉండేది. నెలనాడు, ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు, మిరపకాయల తొడిమలు తీసే పనినుంచి నేరుగా వచ్చి మైకు ముందు నిలబడింది. కొంగు దులిపితే స్టూడియో అంతా తుమ్ములు. ఆ పాట ఆమె కట్టుకున్నదే. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ ఊరి చర్చిలో ఆమె నోట విన్నవాళ్ళు ఉన్నారు గానీ కాగితం మీద ఎక్కడా లేదు.

"నీ పాట నీ గొంతుతోనే క్యాసెట్లో వచ్చుద్ది వీరమ్మా. బెంగపడమాక" అని అంకమ్మరావు ఆమెకు మాట ఇచ్చాడు. ఇచ్చి, మైకుగది అద్దం ఇవతలికొచ్చి, "గైడ్ అని పెట్టరా. జయరావు గారమ్మాయి షారోన్ పాడుద్ది. డబ్బు పెట్టేది ఆయన, మధ్యలో ఈవిడ గొంతేంటి" అన్నాడు సుభానీతో.

సుభానీకి నోట్లో నాలుక ఉంది. ఆ పూట అది పనిచెయ్యలేదు. గైడ్ అని కొట్టాడు. ఆమె పాడుతుంటే ఒళ్ళు జలదరించింది.

మిరప కల్లాన మోకరిల్లితి ప్రభువా
మండే కళ్ళతో నిన్ను వెదకితి ప్రభువా

ఒక్క గుక్కలో, ఎక్కడా తడబడకుండా పాడి, నీళ్ళు తాగి, "సరిపోయిందా అబ్బాయ్?" అని అడిగింది. ఆ అడగడానికి సిగ్గేసి, "పిన్నీ, నీ గొంతుతో విడిగా ఒక సీడీ నేనిస్తాను" అన్నాడు. ఇవ్వాలంటే ఆమె పాటకు వేరే ఫోల్డరు చెయ్యాలి. ఐదు నిమిషాల పని. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూనే నెల గడిచింది. మంగళవారం టీ తాగుతూ తనే తుడిచేశాడు.

అంకమ్మరావుకి చెబితే ఆయన బీరువా తలుపు మూస్తూ, "దానికింత ఏడుపెందుకురా? కరెంటు పోయి కంప్యూటర్ చెడిందని చెప్పు. లేదా షారోన్ పాడింది సీడీలో వేసి ఇవ్వు. చచ్చి బతికిన మనిషి, ఏం గుర్తుపడద్ది?" అన్నాడు.

"తన గొంతు తను గుర్తుపట్టదాండీ?" అన్నాడు సుభానీ.

"నీకెందుకురా అంత బాధ? తీసింది నువ్వేగా" అని ఆయన కిందికి దిగిపోయాడు. మాట ములుకులా దిగింది. అబద్ధమైతే తిరిగి అనేవాడే.

గురువారం పగలంతా వెతికాడు. తుడిచినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే వేసి చూశాడు. పేర్లు కొన్ని కనిపించాయి. తెరిస్తే వీరమ్మ పాడినచోట ఎలక్షన్ జిందాబాద్‌లు. రెండు రోజులుగా రికార్డు చేసినవన్నీ ఆ ఖాళీలోకే వచ్చి కూర్చున్నాయి మరి. పాట మిక్సింగ్ అయ్యాకే సీడీల్లోకి ఎక్కించి దాచడం అలవాటు. ఐదో పాట మిక్సింగ్ ఇంకా కాలేదు, కాబట్టి సీడీ కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏముంది! రెండింటికి కరెంటు పోయింది. చొక్కా విప్పి, చీకటిగదిలో తెర వంక చూస్తూ కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగింటికి కరెంటొచ్చింది. ఏం చెయ్యాలో తోచక షారోన్ పసుపుపచ్చ వరస వింటూ కూర్చున్నాడు. పల్లవి ఆ అమ్మాయి ఒక్కసారే పాడింది. మొదటిసారికే చక్కగా వచ్చిందని, దాన్నే కత్తిరించి పాటలో నాలుగుచోట్లా అతికించాడు. నాలుగు ముక్కలకీ మూలం ఒకటే ఫైలు. ఆ ఫైలును కత్తిరింపు లేకుండా మొత్తం సాగదీసి చూశాడు. పల్లవి అవగానే షారోన్ చరణం ఎత్తుకోలేక ఆగిపోయింది. "ఒక్కసారి విననివ్వండి" అన్నది. మైకు ముందే నిలబడి హెడ్‌ఫోన్‌లో గైడ్ విన్నది. సుభానీ ఆ పూట రికార్డింగ్ ఆపలేదు. అక్కర్లేని భాగం తెరమీద మడిచి పెట్టేశాడు, దర్జీ కుట్టులోపలికి గుడ్డ మడిచినట్టు. పైకి కనపడదు గానీ ఫైల్లో ఉండనే ఉంది.

సౌండు పైకి పెంచాడు. ముందు ఫ్యాను మోత. షారోన్ ఊపిరి. ఆ వెనకాల, హెడ్‌ఫోన్ సందుల్లోంచి మైకులోకి కారిపోయిన సన్నటి గొంతు.

తొడిమ తుంచిన వేళ్ళతో
నీ పాదములు తాకనా
మంట పుట్టునేమో స్వామీ
మన్నించి నిలుతువా

నలభై సెకన్లు. సుభానీ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చుని మళ్ళీ విన్నాడు. ఫ్యాను మోత కొంత తగ్గించాడు, తగ్గిస్తే గొంతూ తగ్గింది. గొంతు పెంచితే మోతా పెరిగింది. ఎంత కుస్తీపట్టినా డబ్బాలో పడ్డ తేనెటీగ పాడినట్టే ఉంది. అయినా ఏమీలేనిదానికంటే ఇది నయం కదా అనుకున్నాడు.

శుక్రవారం పన్నెండింటికి గుంటూరు బస్సు దిగి ఇద్దరూ వచ్చారు. వీరమ్మ సగమైపోయింది. మెడకు తడిపిన పల్చటి గుడ్డ కట్టారు, ఊపిరి తీసినప్పుడల్లా అది లోపలికి అంటుకుని మళ్ళీ లేస్తోంది. మెట్లెక్కిన ఆయాసానికి ఆ గుడ్డే రొప్పింది. చంకలో పలక, కొంగు చివర బలపం ముడేసుకుంది. సుభానీని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి అతని ప్రాణం ఉసూరుమంది.

"కూర్చో పిన్నీ" అని తన కుర్చీ ఇచ్చాడు. హెడ్‌ఫోన్ ఆమె చెవులకు తనే పెట్టాడు.

"పెద్దగా పెట్టు బాబూ. నేనూ వింటా" అన్నాడు ఏసోబు. సుభానీ స్పీకర్లు కలిపాడు.

వీరమ్మ కళ్ళు మూసుకుని, తొడమీద వేలితో తాళం వేస్తూ విన్నది. నలభై సెకన్లు అయిపోయాయి. వీరమ్మ ఇంకా వినబోతున్నట్టు కూర్చునే ఉంది. కాసేపటికి పలక మీద రాసింది: 'మిగతాది?'

కరెంటు పోయిందన్న అబద్ధం సుభానీ నాలుక చివరే ఉంది. రాత్రంతా దాన్ని వల్లె వేసుకున్నాడు. ఆమె మెడమీద గుడ్డ లేచి పడుతుంటే చెప్పలేకపోయాడు.

"లేదు పిన్నీ. మంగళవారం నేనే చెరిపేశాను. కావాలని కాదు. చూసుకోలేదు."

వీరమ్మ తెర వంక చూసింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. ఇప్పుడు పాడిన ముక్క పసుపుపచ్చ వరసలో వెలుగుతోంది. దాని పక్కనున్న పేరు మీద వేలుపెట్టి, పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం చదివింది. షారోన్. పలక తుడిచి రాసింది: 'నాది ఏది?'

"నీది గైడ్ అని పెట్టాను పిన్నీ."

"గైడ్ అంటే ఏంటి?" అన్నాడు ఏసోబు.

"అసలు పాడేవాళ్ళకి వరస తెలియడానికి ముందుగా పాడించేది బాబాయ్. వాళ్ళు పాడాక... తీసేస్తారు."

"అంటే ఈమెని పిలిచింది అందుకా?" ఏసోబు గొంతు లేచింది. "ఆ పొద్దు పని సగంలో ఆపుకొచ్చింది. క్యాసెట్లో నా గొంతు వస్తది, నేను పోయినా పిల్లలింటారు అని ఆస్పత్రిలో అందరికీ చెప్పుకుంది. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్యా? నీకు తెలుసా ఈ సంగతి అప్పుడే?"

"తెలుసు బాబాయ్."

"తెలిసీ పిన్నీ అని పిలిచావా!"

సుభానీ ఖాళీ సీడీ ఒకటి తీశాడు. "ఈ ముక్కన్నా సీడీలో వేసి ఇస్తాను" అన్నాడు.

వీరమ్మ ఇంకోసారి పెట్టమని సైగ చేసింది. పెట్టాడు. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు, తొడమీద వేలు కదపలేదు. వీరమ్మ పాడితే మైకు లేకుండానే వాగు అవతలి మిరపచేలల్లో పనిచేసేవాళ్ళు తల ఎత్తేవాళ్ళు. ఆ గొంతు ఇప్పుడు ఒక పిల్ల ఊపిరి చాటున, ఫ్యాను మోత కింద నక్కి నక్కి పాడుతోంది. సగంలోనే చెయ్యెత్తి ఆపమంది.

బలపం విరిగేలా నొక్కి రాసింది: 'ఇది నేను కాదు. చెరిపెయ్.'

"అంతన్నా ఉండనియ్యే. నేను వినుకుంటా. ఇంట్లో ఎట్టాగూ నువ్వు మాట్లాడవు" అన్నాడు ఏసోబు. అతని కోపమంతా ఎటు పోయిందో, బతిమాలుతున్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకునే తల అడ్డంగా ఊపింది.

"పిన్నీ, ఈ ఫైల్లోనే షారోన్ గారి పల్లవి కూడా ఉంది. పల్లవి విడిగా కోసి దాచుకుంటే సరే, ఫైలు మొత్తం చెరిపితే అదీ పోతుంది. పాటలో నాలుగుచోట్లా అదే. పాటే పోయినట్టు. ఆ అమ్మాయి పరీక్షలు రాస్తోంది, మళ్ళీ పాడించడానికి రేపటికి దొరకదు" అని సుభానీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

వీరమ్మ పలక మీద పైనున్నదంతా కొంగుతో తుడిచి, తీరిగ్గా, గుండ్రటి అక్షరాల్లో రాసింది: 'పాట నాది. నాతోటే పోనీ.'

ఆమె చేతే మీట నొక్కిద్దామని ఒక్క క్షణం అనిపించింది సుభానీకి. నొక్కిస్తే పాపం ఆమె మీదికి పోతుంది. మొదటిసారి చూసుకోకుండా చేసిన పని ఈసారి కళ్ళు తెరుచుకుని తనే చేశాడు. పసుపుపచ్చ ముక్కలు నాలుగూ ఒక్కసారే ఖాళీ అయ్యాయి. మళ్ళీ తెరిపించి, వినిపించి, ఏమీ లేదని చూపించాకే వీరమ్మ లేచింది. వెళ్ళేముందు అతని తలమీద చెయ్యి పెట్టలేదు, తిట్టలేదు. పలక చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

శనివారం పొద్దున్నే జయరావు గారు కారేసుకుని వచ్చారు. రిటైరైన మాస్టారు, టౌన్లో చర్చికి పెద్ద, మెత్తటి మనిషి. గుడ్‌ఫ్రైడేకి క్యాసెట్లు చేతికి రావాలంటే ఆ మధ్యాహ్నానికల్లా విజయవాడలో కాపీలు తీసేవాళ్ళకి అందజెయ్యాలి. సుభానీ దాచలేదు.

"ఐదో పాట లేదండి. షారోన్ గారి పల్లవి నేను చెరిపేశాను."

అంకమ్మరావు శివాలెత్తిపోయాడు. "ఒరేయ్ దరిద్రుడా! తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా! సామాను సర్దుకుని ఇప్పుడే నడువు!" అని పక్కనున్న టీగ్లాసు నేలకు కొట్టాడు. సుభానీ గాజుపెంకులు ఏరుతూ కూర్చున్నాడు. పని పోతుందని శుక్రవారమే తెలుసు. ఇంట్లో ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

"కోప్పడకండి రావుగారూ. చెయ్యి జారడం మనుషులకే" అన్నారు జయరావు గారు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "పోనీ ఒక పని చెయ్యండి. ముందు ఆవిడ పాడింది కదా, వీరమ్మ. అది వేసెయ్యండి."

అంకమ్మరావు ఆయన ముందుకొచ్చాడు.

"అదేంటండీ, డబ్బు పెట్టింది మీరు. మీ అమ్మాయిగారి క్యాసెట్టు..."

"అయితే ఏమయిందండీ? ఎనిమిదింట్లో ఒకటి ఆవిడ పాడకూడదని నేనన్నానా? మా షారోన్ రికార్డింగ్ నుంచి ఇంటికి రాగానే ఏమన్నదో తెలుసా? నాన్నా, ఆ పాట ఆమే పాడాల్సింది, నేను పాడి చెడగొట్టాను అన్నది. మీరే ఏదో అనుకుని ఉంటారులెమ్మని ఊరుకున్నా. కవరింకా ప్రింటుకు పోలేదు. పేరు కూడా ఆవిడదే వేద్దాం. రచన కూడా ఆవిడదేనంటగా."

అంకమ్మరావు బతికిపోయినట్టు సుభానీ వైపు తిరిగాడు. "విన్నావుగా! ఆ గైడే వెయ్యి. త్వరగా కానియ్!"

"లేదండి" అన్నాడు సుభానీ నేలమీదినుంచే. "మీరు ఖాళీ చెయ్యమన్న రోజే తీసేశాను. పని అయిపోయిందిగా అని."

జయరావు గారు గడియారం చూసుకున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. దారి ఉన్నవాడి నింపాదే ఉంది.

"పోనీలెండి, ఒక గంట ఆలస్యమైతే అయింది. కారు కిందే ఉంది. ఆవిణ్ణి పిలిపించండి, ఇంకోసారి పాడిద్దాం. ఇల్లెక్కడో డ్రైవర్‌కి చెప్పండి" అన్నారు.

అంకమ్మరావు సుభానీని చూశాడు, సుభానీ అంకమ్మరావుని చూశాడు. ఆపరేషన్ సంగతి ఆ గదిలో వాళ్ళిద్దరికే తెలుసు. కింద డ్రైవరు అప్పటికే కారు తిప్పి పెట్టాడు. జయరావు గారు కిటికీలోంచి వంగి, "ఉండవయ్యా, అడ్రసు చెబుతున్నారు" అని కేకేసి, వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు.